కదలని అంకె

జానకీబాయికి కోపమెక్కువ అని ఆ ఇంట్లో పెద్దల నుంచి పనివాళ్ల దాకా అందరికీ తెలుసు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల దగ్గర ఆ సంగతి దాచడానికి తల్లి నిర్మలాదేవి నానా తంటాలు పడేది. "మా పిల్లకు జర తిక్క గని మనసు వెన్న" అని ఆమె ఇటు చెబుతుంటే, లోపలి గదిలోంచి జానకి "వెన్న లేదు, గిన్నె లేదు. తిక్క మాత్రం ఉన్నది" అని అందరికీ వినపడేలా అనేది. వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగి, వచ్చిన దారినే వెళ్లిపోయేవారు.

వాళ్లది ధర్మపురి అవతల, గోదావరి ఒడ్డు ఊరు. ఊరికంతా ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. దాని నుంచి బయల్దేరిన తీగ మొదట వెళ్లేది జానకి తండ్రి లక్ష్మణ్‌రావు బావుల మీదికి. ఆయన పెద్ద మోటర్లు గుంజుకోగా మిగిలిన కరెంటు తీగ చివరి పొలాలకు చేరేసరికి నీరసించిపోయేది. చివరి పొలం బుచ్చిరాములుది. అతని మోటరు తిరగలేక మూలిగి మూలిగి కాలిపోయేది. ఒకసారి అతను ఆ కాలిన మోటరును భుజాన వేసుకొచ్చి లక్ష్మణ్‌రావు వాకిట్లో దించాడు.

"దొరా, ఒక్క పూట మీ పెద్ద మోటరు బందు పెడితే నాది గుంజుకుంటది. వరి ఎండుతున్నది."

"కరెంటు నేను తయారు చేస్తున్ననారా? పోయి గవర్నమెంటును అడుగు" అన్నాడు లక్ష్మణ్‌రావు.

అప్పుడు జానకి గడప మీద కూర్చొని లెక్కలు చేసుకుంటోంది. తల ఎత్తకుండానే, "బాపూ, ఆయన అడిగింది గవర్నమెంటును కాదు, నిన్ను" అంది. చెంప మీద దెబ్బ పడింది. దెబ్బకు ఆమె ఏడవలేదు. బుచ్చిరాములు మారుమాట లేకుండా మళ్లీ ఆ మోటరును భుజానికెత్తుకొని వెళ్లిపోతుంటే మాత్రం కడుపు మండిపోయింది. ఆ మనిషి ఒక్క తిట్టయినా తిట్టి పోతే బాగుండునని ఆమెకు చాలా రోజులు అనిపించింది.

ఆ మంటతోనే కాబోలు, ఆడపిల్లలు అరుదుగా చదివే ఎలక్ట్రానిక్స్ చదువు వరంగల్‌లో చదివింది. చదువు పూర్తయ్యే ఏడే లక్ష్మణ్‌రావు పోయాడు. తండ్రి తమ్ముడు దయాకర్‌రావు కరీంనగర్‌లో ఉండేవాడు. లో వోల్టేజీ ఊళ్లలో స్టెబిలైజర్లకు గిరాకీ కొదవ ఉండదు కదా, ఆయన వర్క్‌షాపు బాగానే నడుస్తోంది. వదినను, బిడ్డను తన ఇంటికే తెచ్చుకున్నాడు. "బయటోళ్ల దగ్గర నౌకరీ ఎందుకే బిడ్డా? మన ఇంట్లనే పని ఉన్నది" అన్నాడు. దయాకర్‌రావు చెడ్డవాడేమీ కాదు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, ఎవరినీ నొప్పించడు, ఎవరేమడిగినా సరేనంటాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఒకరితో ఒకలా సరేనని, ఇంకొకరితో ఇంకోలా సరేనంటాడు.

తొంభైల మొదట్లో ఆయనకు ఆదిలాబాద్ పత్తి మిల్లుల మీద కన్ను పడింది. పత్తి కొంచెం తడిసినా కుప్ప లోపల్లోపల వేడెక్కుతుంది. పైకి చల్లగా, తెల్లగా కనిపిస్తూనే లోపల రాజుకుంటుంది. ఆ వేడిని ముందే కనిపెట్టి కేకలు పెట్టే డబ్బా ఒకటి తయారు చేయాలని ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. జానకి కొంగు బిగించి ఆ పనిలో దిగింది. ఔరంగాబాద్‌లో ఇంజనీరింగ్ చదివొచ్చిన దయాకర్‌రావు కొడుకు విద్యాసాగర్‌రావు ఆమెకు జోడీ.

డబ్బా ఇలా ఉండేది. లోపల మెదడులాంటి చిప్పు ఒకటి, దాని పనికి ఐదు వోల్టులు చాలు. పత్తి కుప్పలోకి గుచ్చడానికి పొడవాటి ఉక్కు ఊచ. ఊచ కొసన వేడిని పసిగట్టే ముక్క పంపే సంకేతం బలహీనంగా ఉంటుంది కనుక, దాన్ని పెంచి చిప్పుకు వినిపించడానికి పన్నెండు వోల్టులు కావాలి. సైరన్‌కూ ఆ పన్నెండు వోల్టుల లైనే. కరెంటు పోతే డబ్బా బ్యాటరీ మీద బతకాలి కాబట్టి ఆ లైనును వేసే అధికారం, ఆర్పే అధికారం ప్రోగ్రాంకు ఇచ్చారు. ఊచను చదివే ప్రోగ్రాం జానకి రాసింది. సైరన్ మోగించేది, ఎర్ర దీపాల అంకెలు చూపించేది విద్యాసాగర్ రాశాడు. విడివిడిగా రెండూ బాగానే పనిచేశాయి.

రెండింటినీ ఒక్క డబ్బాలో పెట్టి నడిపిన రోజున సైరన్‌ను పరీక్షించే బటన్ నొక్కగానే అంకె సున్నాకు పడిపోయింది. చూడమని తమ్ముడికి చెప్పింది జానకి. మర్నాటికి సున్నా రావడం ఆగింది. బాగు చేశాడనుకుంది. కొన్నాళ్లకు తీగ అతుకుతుండగా వేడి వేడి సోల్డరింగ్ కడ్డీ చేయి జారి ఊచ మీద పడింది. ఉలిక్కిపడి అంకె వైపు చూసింది. అంకె కదల్లేదు. ఊచ పట్టుకుంటే వేలు కాలుతోంది, డబ్బా మాత్రం హాయిగా ఇరవై తొమ్మిది చూపిస్తోంది.

"సాగర్, గిటు రా! గిదేంది? ఊచ కాలుతున్నది, అంకె కదుల్తలేదేంది?"

విద్యాసాగర్ వచ్చి చూసి తల గోక్కున్నాడు. "బటన్ నొక్కినవా అక్కా? సైరన్ పరీక్ష అయినంక బ్యాటరీ మిగులుతదని నేను లైను ఆర్పేస్తున్న. డబ్బను బందు పెట్టి మళ్ల వేసిందాక గది రాదు."

"ఆర్పితే నా ఊచకు కరెంటేది? సున్నా రావాలె గద?"

"సున్నా చూస్తే మిల్లులోళ్లు పరేషాన్ అయితరని... పిచ్చి అంకె వస్తే దాన్ని ఇడిసిపెట్టి, ముందటి మంచి అంకెనే చూపెట్టుమని రాసిన."

జానకికి ఒళ్లంతా భగ్గుమంది. "ముందటి అంకె చూపెట్టుడా? చచ్చినోని నాడి పట్టుకొని, నిన్న మంచిగనే కొట్టుకున్నది అని చెప్తవారా? తెల్వనప్పుడు తెల్వదని చెప్పాలె. పన్నెండు వోల్టులు నీ ఒక్కని సొమ్మా? నీ పని కాంగనే ఆర్పేస్తవు. ఇంకొకలకు అవసరం ఉన్నదా అని అడిగినవా?"

ఆ రోజే ఆమె దయాకర్‌రావు ముందు కాగితం పరిచి, ప్రోగ్రాం ఎలా మారాలో గీసి చూపించింది. కరెంటును చూసుకోవడానికే మధ్యలో ఒక భాగం ఉండాలి. ఊచ గానీ, సైరన్ గానీ లైను కావాలంటే దాన్నే అడగాలి. అది లైను వేసి, వోల్టేజీ సరిపడా ఎక్కి నిలబడేదాకా ఆగి, అప్పుడు 'ఇక కానియ్యి' అనాలి. పని అయినవాళ్లు అయిందని చెప్పాలి. వాడుకునేవాళ్లు ఒక్కరున్నా లైను ఆరకూడదు. ఎంతకీ వోల్టేజీ ఎక్కకపోతే అంకె బదులు అడ్డగీతలు చూపించి, ఉన్న అరకొర వోల్టేజీతోనే మొత్తుకోవాలి.

దయాకర్‌రావు అంతా విన్నాడు. "మంచిగున్నది బిడ్డా. గని ఎన్నాళ్లు పడుతది?"

"నెల."

"నెలంటే పత్తి సీజన్ మీదికొస్తది. ఆదిలాబాద్ సేటు దినాం ఫోన్ చేస్తుండు. గీ సీజన్ గడవనియ్యి."

"పత్తి ఉన్నప్పుడు పని చెయ్యని డబ్బ, పత్తి అయిపోయినంక ఎందుకు చిన్నబాపూ? నెత్తిన పెట్టుకోనీకా?"

ఆయన నవ్వాడు. "సరే, సరే. నువ్వు మార్చినంకనే పంపుదం." అది ఆయన ఆమెకు చెప్పిన సరే.

పండుగ పనులకని తల్లితో ఊరికి వెళ్లి, వారం తర్వాత తిరిగి వచ్చేసరికి వర్క్‌షాపులో డబ్బాలు లేవు. ఆదిలాబాద్ సేటుకు చెప్పిన సరే గెలిచింది. "గా బటన్ నొక్కొద్దని చెప్పి పంపిన గదే" అన్నాడు దయాకర్‌రావు. ఎవరితో చెప్పి పంపాడో, ఆ మాట ఎవరి చెవిన పడిందో ఆయనకే తెలియదు. జానకి చేతిలోని స్క్రూడ్రైవర్‌ను గోడకేసి కొట్టింది. తలుపు ధడాలున వేసుకుంది. రోజుల తరబడి అన్నం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు. కొత్త ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టింది. కానీ ఆదిలాబాద్ బస్సు మాత్రం ఎక్కలేదు.

ఆ చలికాలం మబ్బు పట్టి ముసురు పడింది. మిల్లుకొచ్చిన పత్తి బండ్లు తడిశాయి. తడిసిన పత్తినే సేటు గోదాములోకి ఎత్తించాడు. కొన్ని రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం, గోదాములో పనిచేసే ఆడవాళ్లు పత్తి ఆరబెడదామని కుప్పను తోడడం మొదలుపెట్టారు. లోపల ఎన్నాళ్ల నుంచో రాజుకుంటున్న నిప్పుకు గాలి తగలగానే మంట బుస్సుమని మనిషెత్తు లేచింది. ముందు నిలబడ్డది బాలవ్వ. ఆమె కొంగు అంటుకుంది. పక్కనున్న ఐలవ్వ చేతులతోనే ఆ మంటను అదిమి, ఆమెను బయటికి ఈడ్చింది. బాలవ్వ కాళ్ల మీద బొబ్బలతో బయటపడింది. ఐలవ్వ రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి.

కరీంనగర్‌లో ఈ కబురు మర్నాడు మధ్యాహ్నం అన్నాల దగ్గర దయాకర్‌రావు నోటి నుంచి వచ్చింది. కొంచెం ఊపిరి పీల్చుకున్నట్టుగానే చెప్పాడు.

"మనకేం ఫికర్ లేదు. ఐలవ్వ అని కూలిదట, పత్తిల కూసోని చుట్ట తాగి పారేసిందట. పోలీసులు కేసు రాసుకున్నరు."

జానకి ముద్ద కలుపుతూ ఆగింది. "డబ్బ మొత్తుకున్నదా?"

దయాకర్‌రావు నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"చిన్నబాపూ, నిన్నే అడుగుతున్న. డబ్బ మొత్తుకున్నదా, లేదా?"

"లే" అన్నాడు విద్యాసాగర్ కంచంలోకి చూస్తూ. "మంట లేచినప్పుడు గూడ అంకె ఇరవై ఏడే ఉండెనట."

ఆమె కలిపిన అన్నం అలాగే వదిలి లేచింది. నిర్మలాదేవి వెనకాలే గడప దాకా వచ్చింది. "ఎటు పోతున్నవే? వాళ్ల గొడవ వాళ్లు చూసుకుంటరు. మనం తినేది ఎవలి అన్నమో గుర్తు పెట్టుకో." జానకి చెప్పులేసుకుంటూ, "గుర్తున్నది అవ్వా. అందుకే మింగుడు పడ్తలేదు" అంది.

కరీంనగర్‌లో ఎక్కిన బస్సు జగిత్యాల దాటి, నిర్మల్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నంతసేపూ ఆమె పళ్లు బిగబట్టుకునే కూర్చుంది. తమ్ముడి మీద కోపం, చిన్నబాపు నవ్వు మీద కోపం. అన్నిటికన్నా, తలుపు వేసుకొని అలిగి కూర్చున్న తన మీద తనకు అసహ్యం పుట్టింది.

ఆదిలాబాద్ ఆసుపత్రిలో ఐలవ్వ మంచం మీద రెండు చేతులూ కట్లతో ముందుకు చాచి కూర్చొని ఉంది. బాలవ్వ ఆమెకు జొన్న గటక తినిపిస్తోంది. ఐలవ్వ నల్లగా, గట్టిగా, ఎండిన చింతబరికెలా ఉన్న మనిషి. దొరల ఇంటి చీర చూడగానే ముఖం ముడుచుకుంది.

"సేటు పంపిండా? ఏలిముద్రలు పెట్టుమంటవా? పెట్టనీకి ఏళ్లు లెవ్వు, చూడు."

"సేటు పంపలే. నేనే వచ్చిన. చుట్ట సంగతి అడుగుదామని."

"తాగుత. ఎందుకు తాగ? బయట నీళ్ల తొట్టి కాడ కూసోని తాగుత. పత్తిల తాగనీకి నాకేమన్న పిచ్చా? గా పత్తి కాలితే కాలేది నా బువ్వనే గద!"

జానకి మంచం పక్కన నిలబడే చెప్పింది. "గోదాంల ఎర్ర అంకెల డబ్బ ఉన్నది చూడు, గది చేసినోళ్లల్ల నేనొకదాన్ని."

ఐలవ్వ నమలడం ఆపింది. "గా డబ్బనా? అంబదాస్ రోజూ పొద్దుగాల దేవునికి దండం పెట్టినట్టు దాని బటన్ నొక్కేటోడు. కూ అనంగనే మేం లోపటికి పోయేటోళ్లం."

ఆ బటన్ నొక్కినప్పుడల్లా డబ్బా గుడ్డిదవుతుంది. మిల్లువాళ్లు ఎంత జాగ్రత్తపడితే అంత గుడ్డిది. ఆ సంగతి జానకి వీలైనంత తేలిక మాటల్లో చెప్పింది. ఐలవ్వ కళ్లార్పకుండా వింది.

"గిది నీకు ముందుగాల ఎర్కేనా?"

"ఎర్కే."

"ఎర్కుండి సప్పుడు చెయ్యలే?"

"చేసిన. మా చిన్నబాపుకు చెప్పిన. కొట్లాడిన."

"మీ చిన్నబాపుకు చెప్పినవు. మాకు చెప్పినవా?" ఐలవ్వ గొంతు పెరిగింది. పక్క మంచాల వాళ్లు తిరిగి చూశారు. "మీ ఇంట్ల మీరు మీరు మాట్లాడుకున్నరు, అలిగిండ్రు, అన్నం తిని పన్నరు. గా గోదాంల ఉండేది మేము గద! ఒక్క కార్డు ముక్క రాస్తే ఏం పోయె? ఆర్టీసీ బస్సు ఇయ్యాలనే పుట్టిందా?"

జానకి తప్పయిందని అనబోయింది గానీ, ఆ మాట ఆ చేతుల ముందు మరీ తేలిపోయేలా ఉందని నోరు మూసుకుంది. "రేపు మిల్లుకు ఇన్‌స్పెక్టర్ వస్తున్నడట. అందరి ముందట చూపెడ్త" అంది.

"చూపెట్టు. సుద్దులు చెప్పకు" అని ఐలవ్వ ముఖం అటు తిప్పుకుంది.

మర్నాడు పొద్దున మిల్లు ఆవరణలో జనం పోగయ్యారు. కాలిన గోదాం నుంచి ఇంకా కమురు వాసన వస్తోంది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కూర్చున్నాడు. సేటు ఆయన పక్కన నిలబడి చుట్ట కథ చెబుతున్నాడు. దయాకర్‌రావు, విద్యాసాగర్ జీపులోంచి అప్పుడే దిగారు. జానకిని చూసి దయాకర్‌రావు ముఖంలో నవ్వు ఆగింది, మళ్లీ వచ్చింది. కూలి ఆడవాళ్లు దూరంగా గోడ వారన నిలబడ్డారు.

జానకి నేరుగా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లింది. "సార్, రెండో గోదాంల ఇట్లాంటి డబ్బనే ఉన్నది. దాన్ని ఒక్కసారి గిక్కడికి తెప్పించుండ్రి. ఒక గిన్నెల మరిగే చాయ గూడ కావాలె."

"చాయ ఎందుకమ్మా?"

"తాగనీకి కాదు సార్."

మిల్లు కరెంటు పని చూసే అంబదాస్ డబ్బాను, ఊచను మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. సేటు అతని వైపు ఉరిమి చూశాడు. అతను ఆ చూపు తప్పించుకొని, వైరు తగిలించి డబ్బా వేశాడు. అంకె వెలిగింది, ఇరవై ఆరు. జానకి ఊచను కుతకుతలాడే చాయలో ముంచింది. అంకె గబగబా పైకి పాకింది. సైరన్ చెవులు పగిలేలా అరిచింది. గోడ వారనున్న ఆడవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు.

"చూసిండ్రా సార్?" దయాకర్‌రావు చేతులు చాచాడు. "డబ్బ బరాబర్ ఉన్నది."

జానకి ఊచను తీసి, చన్నీళ్లలో ముంచి, తుడిచింది. అంకె మళ్లీ ఇరవై ఆరుకు దిగింది. "అంబదాస్, నువ్వు దినాం పొద్దుగాల నొక్కే బటన్ నొక్కు."

అంబదాస్ వేలు బటన్ మీద ఆగింది. "బాయీ, నా నౌకరి..." అన్నాడు మెల్లగా. అంతలో అతని చూపు కాలిన గోదాం మీద పడింది. నొక్కాడు. సైరన్ కూ అని ఒక్కసారి కూసి ఆగింది. జానకి ఊచను మళ్లీ మరిగే చాయలో ముంచింది.

ఇరవై ఆరు.

అందరూ చూస్తూ నిలబడ్డారు. గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది. ఇరవై ఆరు. ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచి, వంగి అంకెను చూశాడు, చాయను చూశాడు. ఊచను వేలితో తాకబోయి చటుక్కున వెనక్కి తీశాడు. ఇరవై ఆరే.

"చాయ కుతకుత ఉడుకుతున్నది, గీ డబ్బకు సలి పెడుతున్నది!" గోడ వారన ఎవరో అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు అంతలోనే చచ్చిపోయింది. బొబ్బల కాళ్లతో ఎద్దుబండి మీద కూర్చున్న బాలవ్వ గట్టిగా శాపనార్థాలు మొదలుపెట్టింది. ఆమె వెంట మిగతావాళ్లూ అందుకున్నారు. "చుట్ట అంటివి గదా సేటూ! ఇప్పుడు చెప్పు! చుట్టనా? డబ్బనా?"

"చిన్న పొరపాటు జరిగింది సార్" అన్నాడు దయాకర్‌రావు నుదురు తుడుచుకుంటూ. "కొత్త మిషన్లల్ల గిసొంటివి..."

"పొరపాటు నేను చెప్పకముందటిది చిన్నబాపూ." జానకి ఆయన వైపు తిరిగింది. "గిది తప్పని నేను చెప్పినంక పంపినవ్. దానికి పొరపాటని పేరు పెట్టకు."

విద్యాసాగర్ తల దించుకునే ఉన్నాడు. "అక్క చెప్పింది సార్. నాకు గూడ చెప్పింది" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి అతనికి చాలా కష్టమైనట్టు కనిపించింది. తండ్రి కొడుకు వైపు చూసిన చూపును జానకి తర్వాత ఎప్పటికీ మరిచిపోలేదు.

జీపు దగ్గర దయాకర్‌రావు ఆమెను నిలబెట్టాడు. ఆయన అరవడం ఆమె అదే మొదటిసారి వినడం. "నీ బాపు పోతే నేను చేరదీసిన. నా ఇంట్ల పెట్టుకున్న. నా బిడ్డ లెక్క చూసుకున్న. పది మందిల నా పరువు తీస్తివి గదనే!"

"చేరదీసినవు. నిజమే. గా మొగమాటానికే గింత ఆలస్యమైంది" అంది జానకి. "లేకుంటే మంట లేవకముందే వచ్చి అరిచేదాన్ని."

జీపు ఆమెను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది.

ఐలవ్వ మీద కేసు ఎత్తేశారు. సేటు ఒక్కసారి కూడా తప్పయిందనలేదు. ఆమె చేతులు మానాయి గానీ వేళ్లు కొంకర్లు పోయాయి, పత్తి పట్టుకోవడానికి రావు. గేటు దగ్గర కుండ పెట్టుకొని కూలీలకు నీళ్లు పోసే పని ఇచ్చారు. ఆమె ఆ పని చేస్తూ, సేటు కారు గేటు దాటినప్పుడల్లా అతనికి వినపడేలా తిట్టేది. తిట్టొద్దని చెప్పే ధైర్యం ఆ మిల్లులో ఎవరికీ లేకపోయింది. కరీంనగర్‌లో దయాకర్‌రావు మళ్లీ స్టెబిలైజర్లకే పరిమితమయ్యాడు. నిర్మలాదేవి మరిది ఇంట్లోనే ఉండిపోయింది. బిడ్డను చూడటానికి రాలేదు, రమ్మని పిలవలేదు. "ఇంటిని కాల్చినదానికి ఇల్లెందుకు?" అని మనుషులతో కబురు పంపింది. జానకికి అది చాలా బాధ. బాధ ఆమెలో ఎప్పుడూ కోపంగానే బయటపడేది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఆమె ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరింది. ఒక సాయంత్రం విద్యాసాగర్ మిల్లుల నుంచి వెనక్కి వచ్చిన డబ్బాలన్నీ గోనెసంచుల్లో వేసుకొని ఆమె గది ముందు దిగాడు. "బాపుకు తెల్వదు. నాకు నేర్పు అక్కా" అన్నాడు. ఆమె చిప్పులు ఒక్కొక్కటే పీకుతూ అతణ్ని తిట్టింది, తిడుతూనే నేర్పింది. లైను కావాలంటే ముందు అడగడం, వోల్టేజీ నిలబడే దాకా ఆగడం, పని అయిందని చెప్పడం, తెలియకపోతే తెలియదని ఒప్పుకోవడం. ఆ సెలవులన్నీ అదే పని. కొత్త ప్రోగ్రాం ఎక్కించిన డబ్బాలను ఇద్దరూ తిరిగి మిల్లులకు చేర్చారు. ఈసారి బటన్ ఏం చేస్తుందో, అడ్డగీతలు వస్తే ఏం చేయాలో జానకి గోదాములో పనిచేసే ఆడవాళ్లను కూర్చోబెట్టి చెప్పింది. సేట్లకు తర్వాత చెప్పింది.

మరుసటి సీజన్ నడుమ ఆదిలాబాద్ సేటు పాలిటెక్నిక్‌కు ఫోను చేశాడు. డబ్బా పొద్దస్తమానం మొత్తుకుంటోందట. మొత్తుకున్నప్పుడల్లా కూలీలు బయటికి పోతున్నారట. వచ్చి దాని నోరు మూయించమన్నాడు.

జానకి వెళ్లేసరికి మధ్యాహ్నం అయింది. ఆడవాళ్లంతా ఆవరణలో నీడ చూసుకొని కూర్చున్నారు. డబ్బా మీద అడ్డగీతలు వెలుగుతున్నాయి, సైరన్ అరుస్తోంది. అంబదాస్ ఆమెను లోపలికి తీసుకెళ్లి చూపించాడు. పత్తిని బేళ్లుగా నొక్కే ప్రెస్సు మోటరు వేసినప్పుడల్లా మిల్లు కరెంటు కుంగిపోతోంది. అది తిరుగుతున్నంతసేపూ డబ్బాను ఆదుకోవలసిన బ్యాటరీ ఎప్పుడో ఎండిపోయింది. "నీళ్లు పొయ్యాలె, మార్చాలె అని నేను చెప్పిన బాయీ. సేటు ఇనలే."

బయట సేటు చిందులు తొక్కుతున్నాడు. "నిప్పు లేదు, గిప్పు లేదు, ఊరికే మొత్తుకుంటది! బందు పెట్టు దాన్ని!"

"నిప్పున్నదో లేదో దానికి తెల్వదు. గది చూసే సత్తువ దానికి నువ్వు ఉంచలే." జానకి గొంతు సైరన్‌ను మించి లేచింది. "గదే చెప్తున్నది. నాకు కనపడ్తలేదు, లోపటికి పోకుండ్రి అంటున్నది. బందు పెట్టేది డబ్బను కాదు. పోయి బ్యాటరీ తే!"

"బ్యాటరీ రేపు తెప్పిస్త. గిప్పుడు పని కానియ్యి."

గేటు దగ్గర కుండ పక్కనున్న ఐలవ్వ లేచింది. కొంకరు చేతులతో కొంగు నడుముకు దోపుకుంటూ వచ్చింది. "రేపు తెస్తె రేపే పోతరు. గీతలు ఉన్నందాక ఒక్కలు లోపటికి పోరు సేటూ. పొమ్మను చూద్దాం."

ఆడవాళ్లెవరూ కదల్లేదు. సేటు వాళ్లందరినీ ఒకసారి కలియజూసి, కాండ్రించి ఉమ్మి, మనిషిని బజారుకు తరిమాడు. పొద్దు వాలుతుండగా రిక్షాలో కొత్త బ్యాటరీ వచ్చింది. అంబదాస్ దాన్ని బిగించాడు. గీతలు పోయి అంకె వచ్చింది. జానకి బటన్ నొక్కించి, ఊచను మరిగే నీళ్లలో ముంచి చూసి, ప్రెస్సు మోటరు వేయించి మళ్లీ చూసి, అప్పుడు తల ఊపింది. ఆడవాళ్లు లేచి లోపలికి వెళ్లారు. ఆ పని అయ్యేసరికి జానకి ఎక్కవలసిన ఆఖరి బస్సు పోయింది.

ఐలవ్వ కుండ బోర్లించి గేటు మూల పెట్టింది. "ఇయ్యాల బస్సు దొరకది. నడువు, మా ఇంట్ల పండు. జొన్నరొట్టె ఉన్నది" అంది. రెండడుగులు వేసి ఆగింది. "గని నా చేతులు చూసి కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటే మాత్రం బయటికి ఎల్లగొడ్త."

"నాకు నీళ్లు రావు. తిట్లే వస్తయి" అంది జానకి.

"అయితే సరే" అని ఐలవ్వ ముందు నడిచింది. దారి పొడుగునా ఇద్దరూ సేటును తిట్టుకుంటూనే వెళ్లారు.